కాలువ గట్టు చేమ: గుర్తుపట్టడం, పెరట్లో పెంచడం, దురద లేకుండా వండడం

బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ వెంట నడిచేవాళ్లకు చేమ కొత్త కాదు. నీటి అంచున మోకాలెత్తున లేచి, ఏనుగు చెవుల్లాంటి ఆకులు వేలాడేసుకుని గుంపులుగా ఉంటుంది. గుంటూరు వైపు కొమ్మమూరు కాలువ పక్కనా, పంట బోదెల్లోనూ అంతే. ఎవరూ నాటరు, ఎవరూ నీళ్లు పోయరు. అయినా దుంప, ఆకు, కాడ మూడూ తినదగ్గవే. తినేవాళ్లు తగ్గిపోవడానికి కారణం ఒక్కటే, దురద. కోసేటప్పుడు చేతికి, తినేటప్పుడు గొంతుకు పట్టే ఆ దురద ఎక్కడ నుంచి వస్తుందో తెలిస్తే చేమ అంత తేలికగా పండే, అంత కమ్మగా ఉండే కూర మరొకటి కనబడదు.

ముందుగా ఒక హెచ్చరిక. ఊరి మధ్య కాలువల్లో మురుగు కలుస్తుంది. నీళ్లలో ఉన్న సీసం, కాడ్మియం లాంటి భారలోహాలను చేమ వేళ్లతో పీల్చుకుని దుంపలోనూ ఆకులోనూ దాచుకుంటుంది. ఎంత ఉడికించినా అవి పోవు. అందుకని విజయవాడ, గుంటూరు నగరాల్లోని కాలువలు, మురుగు కాలువల పక్కన ఉన్న చేమను కోసి వండుకోవద్దు. రోడ్డు పక్క గుంతల్లోదీ వద్దు. కలుపు మందు కొట్టిన పొలం గట్టుదీ వద్దు. ఊరి బయట శుభ్రమైన పంట కాలువ దగ్గర దొరికితే ఒకటో రెండో పిలకలు తెచ్చి ఇంట్లో నాటుకోండి. కొత్త మట్టిలో, మంచి నీళ్లతో వచ్చిన కొత్త ఆకులను తినండి. గుబురులో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిలించి చూడటం మరవద్దు, చల్లటి చోటు కాబట్టి పాములు చేరతాయి.

చేమేనా, కాదా?

కంద, చేమ కుటుంబంలోని మొక్కల్లో తినకూడనివి చాలా ఉన్నాయి. ఇళ్ల ముందు కుండీల్లో అందానికి పెంచే పెద్దాకుల మొక్కల్లో చాలావరకు ఇదే కుటుంబం. ఒక్క గుర్తును నమ్ముకోకుండా కింద చెప్పినవన్నీ కలిశాయో లేదో చూడాలి.

మొదటిది కాడ అతుకు. చేమలో కాడ ఆకు అంచున కలవదు. ఆకు పైభాగంలో ఉండే చీలిక దాకా రాకుండా, కాస్త లోపలికి, ఆకు వీపు మీద అతుక్కుంటుంది. అంటే చీలికకూ కాడకూ మధ్య రెండు మూడు వేళ్ల వెడల్పు ఆకు ఉంటుంది. చాలా రకాల్లో అతుకు పైన, ఆకు ముందు వైపు, ఒక ఊదా చుక్క కనిపిస్తుంది. రెండోది ఆకు తీరు. చేమాకు మెరవదు, మఖమల్ బట్టలా ఉంటుంది. నీళ్లు చల్లితే తడవదు, ముత్యాల్లా దొర్లిపోతాయి. మొన కిందికి వేలాడుతుంది. మూడోది కాండం. చేమకు నేల పైన కాండం ఉండదు, కాడలన్నీ భూమిలోని దుంప నుంచే లేస్తాయి.

ఆకు తళతళా మెరుస్తూ, మొన ఆకాశం వైపు నిలబడి, నేల పైన లావుపాటి మాను లాంటి కాండం కనిపిస్తే అది వేరే మొక్క. నర్సరీల్లో ఎలిఫెంట్ ఇయర్ పేరుతో అమ్మేవాటిలో ఇదీ ఉంటుంది. దాన్ని వంటింట్లోకి రానివ్వకండి. కాడ సరిగ్గా చీలిక దగ్గరే కలిసి, ఆకు బాణం ములికిలా ఉంటే అదీ చేమ కాదు. ఆకుల మీద ఎరుపు, తెలుపు, గులాబీ మచ్చలున్నవి అందానికే. అనుమానం వస్తే ఒక ముక్క కొరికి చూద్దామని మాత్రం అనుకోవద్దు. ఈ కుటుంబంలో కొన్ని మొక్కల పచ్చి ఆకు నోటిని, గొంతును వాచిపోయేలా చేస్తుంది.

గుర్తుపట్టే నమ్మకం లేనివాళ్లకు ఇంకా మంచి దారి ఉంది. రైతు బజారులో కూరకు అమ్మే చేమదుంపల్లోంచే నాలుగు గట్టివి ఏరి నాటుకోవచ్చు. నిజానికి దుంప కోసమైతే అదే మేలు. కాలువ గట్టు చేమ తన బలమంతా నేల మీద పాకే తీగపిలకల్లోకి పోనిస్తుంది, దుంపలు సన్నగా, తక్కువగా ఉంటాయి. దురదా ఎక్కువే. దాన్ని ఆకుకు, కాడకు పెంచుకుని, దుంపకు మాత్రం బజారు రకాన్ని పెట్టుకోవడం తెలివైన పని.

దురద ఎందుకు?

చేమ ఆకు, కాడ, దుంప అన్నిట్లోనూ కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు సూదుల కట్టల్లా ఉంటాయి. కంటికి కనబడనంత సన్నవి. కోసినా నమిలినా ఆ కణాలు పగిలి సూదులు బయటికి వచ్చి చర్మంలో, నాలుకలో గుచ్చుకుంటాయి. సూది ఒక్కటే అయితే ఇంత బాధ ఉండదు. దానితో పాటు ఉండే ప్రొటీన్లు ఆ గాయంలోకి దిగి మంట పెడతాయి.

వంటలో మన పనంతా ఇక్కడే. ఉడికిస్తే సూదులు కరగవు, కానీ వేడికి ప్రొటీన్ చెడిపోతుంది, కణాలు మెత్తబడతాయి. నీళ్లలో కరిగే రకం ఆక్సలేట్ వేరే ఉంటుంది, అది ఉడికిన నీళ్లలోకి దిగుతుంది కాబట్టి ఆ నీళ్లు పారబోయాలి. ఆ తర్వాత పులుపు పడితే గొంతు గీరడం ఇంకా తగ్గుతుంది. చింతపండు లేని చేమాకు కూర మన వైపు ఎవరూ వండకపోవడానికి కారణం అదే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తగ్గినా గొంతు చెప్పేస్తుంది. ఎక్కువమంది చేసే పొరపాటు, ఆకు రంగు మారగానే ఉడికిందనుకుని దించేయడం. తోటకూరకు ఐదు నిమిషాలు చాలు, చేమాకుకు చాలదు.

కోసేటప్పుడు చేతులు పొడిగా ఉండాలి. తడి చేతికి రసం త్వరగా పాకుతుంది. నువ్వుల నూనో కొబ్బరి నూనో అరచేతులకు, వేళ్ల సందులకు బాగా పట్టించుకుని కత్తిపీట ముందు కూర్చోండి, లేదా రబ్బరు తొడుగులు వేసుకోండి. పని మధ్యలో కళ్లు నలుపుకోవద్దు. చేతికి దురద పట్టేస్తే గోకకుండా చింతపండు గుజ్జో నిమ్మరసమో రుద్ది, ఐదు నిమిషాలాగి సబ్బుతో కడగాలి. గోకితే సూదులు ఇంకా లోపలికి దిగుతాయి. నోటికి తగిలితే చల్లటి పెరుగో పాలో కొద్దికొద్దిగా నోట్లో ఉంచుకోవాలి. పెదవులు, నాలుక వాచినా, మింగడం, ఊపిరి తీయడం కష్టమైనా ఇంటి వైద్యం పెట్టుకోకుండా 108కి ఫోన్ చేయండి.

నాటడం

మన దగ్గర మే నెలాఖరు నుంచి జూన్ దాకా నాటితే బాగుంటుంది. నీళ్ల వసతి ఉంటే ఫిబ్రవరిలోనూ నాటవచ్చు గానీ, ఏప్రిల్, మే ఎండలకు ఆకు అంచులు మాడిపోతాయి. 43, 44 డిగ్రీల ఎండలో చేమను కాపాడాలంటే అరటి నీడో కొబ్బరి నీడో ఉండాలి. మేడ మీద కుండీల్లో పెంచేవాళ్లు 50 శాతం షేడ్ నెట్ కట్టాలి. ఉదయం ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే తూర్పు వైపు గోడ వార అన్నిటికన్నా మంచి చోటు.

విత్తనానికి 25 నుంచి 40 గ్రాముల పిల్లదుంపలు తీసుకోండి. గట్టిగా, మచ్చ లేకుండా, పైన మొగ్గ చెక్కుచెదరకుండా ఉండాలి. కడిగి ఫ్రిజ్‌లో పెట్టిన దుంపలు సరిగా మొలవవు. మొగ్గ పైకి ఉండేలా రెండు అంగుళాల లోతున పెట్టి మట్టి కప్పాలి. తలకిందులుగా పెడితే మొలక తిరిగి పైకి రావడానికి వారం, పది రోజులు వృథా అవుతాయి. రెండు మూడు వారాల్లో చుట్టగా మొదటి ఆకు వస్తుంది.

నేలలో అయితే వరుసల మధ్య రెండడుగులు, మొక్కల మధ్య అడుగున్నర ఎడం. ఒండ్రు నేల చేమకు ప్రాణం. కొల్లిపర, కొల్లూరు వైపు లంక నేలల్లో కంద, పసుపు అంత బాగా రావడానికి ఏ గుణం కారణమో అదే చేమకూ కావాలి: వదులుగా ఉండి తేమ పట్టుకునే మట్టి. గుంటూరు నల్లరేగడిలో నాటితే నేరుగా కాకుండా అడుగెత్తు మట్టి కట్టలు పోసి, మట్టిలో సగానికి సగం చివికిన పశువుల ఎరువు, కాస్త ఇసుక కలిపి నాటాలి. లేకపోతే రేగడి ఆరినప్పుడు బిగుసుకుపోయి దుంపలు వంకర్లు పోతాయి, తవ్వేటప్పుడు తెగిపోతాయి.

కుండీకైతే కనీసం అడుగుంపావు లోతు, అంతే వెడల్పు ఉన్న గ్రో బ్యాగు కావాలి, ఒక్కోదానిలో ఒక్కటే మొక్క. రెండు పాళ్లు ఒండ్రు లేదా ఎర్రమట్టి, ఒక పాలు పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలపండి. మొదట బ్యాగును మూడింట రెండు వంతులే నింపండి. మిగతా మట్టి తర్వాత ఎగదోయడానికి పనికొస్తుంది.

చేమ నీళ్లలో పెరుగుతుంది కదా అని కుండీ అడుగు రంధ్రాలు మూసేసేవాళ్లున్నారు. కాలువలో నీళ్లు పారుతూ ఉంటాయి, చల్లగా ఉంటాయి, వాటిలో గాలి ఉంటుంది. కుండీలో నిలిచిన నీళ్లు మధ్యాహ్నానికి వేడెక్కుతాయి, వేళ్లు కుళ్లుతాయి. ఆకులు ఒక్కసారిగా పసుపెక్కి, కాడ లాగితే ఊడి వస్తే కారణం అదే. మట్టి ఎప్పుడూ తడిగా ఉండాలి, నీళ్లు మాత్రం నిలవకూడదు. ఎండాకాలంలో రోజూ, వానాకాలంలో పై మట్టి ఆరినప్పుడు పోయండి. పాదులో అరటాకులో ఎండుగడ్డో పరిస్తే నీళ్లు సగం ఆదా.

ఎరువు సంగతి. నేలలో వేసేవాళ్లకు హెక్టారుకు 80 కిలోల నత్రజని, 25 కిలోల భాస్వరం, 100 కిలోల పొటాష్ అన్నది సిఫార్సు. ఎకరాకు లెక్కిస్తే యూరియా సుమారు 70 కిలోలు, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ 62 కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 67 కిలోలు, వీటితో పాటు 5 టన్నుల పశువుల ఎరువు. పైన చెప్పిన ఎడంలో ఎకరాకు దాదాపు 15,000 మొక్కలు పడతాయి, 25 గ్రాముల దుంపకు 375 కిలోల విత్తనం కావాలి. పెరట్లో మొక్కకు యూరియా 5 గ్రాములు, సూపర్ 4 గ్రాములు, పొటాష్ 4 గ్రాములు చాలు. సూపర్ మొత్తం, మిగతావి సగం మొలిచిన రెండు వారాలకు వేయాలి. తక్కిన సగం మరో నెలకు, కలుపు తీసి మట్టి ఎగదోసేటప్పుడు వేయాలి. యూరియా ఒక్కటే దండిగా వేస్తే ఆకులు గొడుగుల్లా వస్తాయి, తవ్వితే దుంపలు గోళీల్లా ఉంటాయి.

మట్టి ఎగదోయడం మానవద్దు. పిల్లదుంపలు తల్లిదుంప చుట్టూ పైపైనే పుడతాయి. మట్టి కప్పకపోతే అవి పచ్చబడి మొలకెత్తి పిలకలైపోతాయి, దుంపగా ఊరవు. పక్కకు పాకే పిలకలను కూడా ఎప్పటికప్పుడు తీసేయాలి, ఆకు కోసమే పెంచేవాళ్లు మాత్రం వదిలేయవచ్చు.

తెగులు, పురుగు

చేమకు అసలు శత్రువు ఆకు ఎండు తెగులు. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, వాన పడుతూ రాత్రులు చల్లబడినప్పుడు వస్తుంది. ఆకు మీద నీటిమచ్చలు లేచి, గోధుమరంగు వలయాలుగా పెరుగుతాయి, అంచున పసుపు, ఎర్ర రసపు బొట్లు కనిపిస్తాయి. ముసురు పట్టిన రోజుల్లో వారం తిరక్కుండా తోటంతా కాలినట్టవుతుంది. ఇదే తెగులు 1993లో సమోవా దీవులకు చేరి అక్కడి ముఖ్యమైన పంటనే తుడిచిపెట్టింది. మచ్చ పడ్డ ఆకును వెంటనే కోసి దూరంగా కాల్చేయండి, పాదులో పడేయొద్దు. నీళ్లు ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. ఎక్కువగా ఉంటే మాంకోజెబ్ లీటరుకు 2.5 గ్రాములు కలిపి కొట్టవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోవాలి: చేమాకు మీద నీరు నిలవదు, మందు కూడా జారిపోతుంది. జిగురు మందు కలిపి, ఆకు అడుగు వైపు కూడా తడిసేలా కొడితేనే పని చేస్తుంది. మందు కొట్టిన మొక్క ఆకు ఆ కారులో ఇక తినవద్దు, దుంపకే వదిలేయండి. ఏటా ఈ తెగులు వేధించే చోట, దాన్ని తట్టుకునే ముక్తకేశి రకం విత్తనం దొరికితే అదే పెట్టాలి. తిరువనంతపురం దగ్గర శ్రీకార్యంలోని కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ విడుదల చేసిన రకం అది.

మిరప, పొగాకు రైతులకు బాగా తెలిసిన లద్దె పురుగు చేమ మీదా పడుతుంది. ఆకు అడుగున దూది అంటించినట్టు గుడ్ల ముద్ద ఉంటుంది, ఆ ఆకు ముక్కను చించి నలిపేస్తే మందు అవసరం రాదు. పేనుబంకకు లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి కొట్టండి.

ఆకు ఎప్పుడు, దుంప ఎప్పుడు

నాటిన రెండు నెలల నుంచి ఆకు కోయవచ్చు. మొక్క మీద ఎప్పుడూ నాలుగు ఆకులైనా మిగలాలి. అంతకన్నా ఎక్కువ కోస్తే దుంప ఊరదు. లేతది, అప్పుడే చుట్ట విప్పుతున్నది, అరచేతికి కొంచెం పెద్దది, ఇదీ కూరకు సరైన ఆకు. ముదురాకులో దురదా, ఈనెలూ రెండూ ఎక్కువ.

దుంపకు ఆరేడు నెలలు పడుతుంది. జూన్‌లో పెట్టింది డిసెంబరు, జనవరికి ఆకులు పసుపెక్కి వాలిపోతుంది. తవ్వడానికి మూడు వారాల ముందు నీళ్లు ఆపేయండి. ఆపకపోతే మళ్లీ చిగురు వేస్తుంది, దుంపలోని పిండి ఆ చిగురుకు ఖర్చవుతుంది, తర్వాత ఎంత ఉడికించినా గట్టిగా, నీరునీరుగా ఉంటుంది. మొక్కకు అరకిలో దుంప వస్తే మంచి కాపే. తవ్వాక కడగకుండా నీడలో రెండు రోజులు ఆరబెట్టి, గాయమైనవి ముందు వండుకోండి. విత్తనానికి ఉంచేవి పొడి ఇసుక మీద నీడలో పరిచి మే దాకా దాచుకోవచ్చు. మధ్యమధ్య కుళ్లినవి ఏరేయాలి.

చేమాకు పప్పు

పావుకిలో ఆకు. ఈనెలు, కాడలు తీసేసి, నూనె చేత్తో సన్నగా తరగండి. రెండు లీటర్ల నీళ్లు తెర్లుతుండగా చెంచా ఉప్పు వేసి, ఆకు వేసి, మూత పెట్టకుండా 15 నిమిషాలు ఉడికించి, వార్చి, గట్టిగా పిండాలి. ఆ నీళ్లు చారుకు వాడొద్దు. ఒక కప్పు కందిపప్పు విడిగా మెత్తగా ఉడికించుకోండి. పిండిన ఆకును ఐదు పచ్చిమిర్చి, పావు చెంచా పసుపు, గ్లాసు నీళ్లతో మరో పది నిమిషాలు మగ్గనివ్వండి. వేళ్ల మధ్య నలిపితే వెన్నలా అయ్యాకే 25 గ్రాముల చింతపండు రసం పోయాలి. ఈ వరస ముఖ్యం: పులుపు ముందే పడితే ఆకు మెత్తబడదు, మెత్తబడని ఆకు గొంతు పట్టుకుంటుంది. పది నిమిషాలు మరిగాక పప్పు కలిపి ఉప్పు వేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి, ఇంగువతో తాలింపు పెట్టండి. వండాక ముందు చిన్న ముద్ద తిని ఐదు నిమిషాలు ఆగండి. గొంతు గీరితే ఇంకొంచెం చింతపండు రసం వేసి మరో పావుగంట ఉడికించండి.

కాడలనూ వదలొద్దు. పై తొక్క నార లాగేసి, రెండంగుళాల ముక్కలు చేసి, ఒక పూట నీడలో వాడనిచ్చి, ఆకులాగే ఉప్పు నీళ్లలో ఉడికించి వార్చి, పులుసు పెట్టుకోవచ్చు.

దుంపల పులుసు, వేపుడు

దుంపను పచ్చిగా చెక్కు తీయడం అనవసరంగా దురద తెచ్చుకోవడమే. మట్టి కడిగి, ఒకే సైజువి ఏరి, తొక్కతోనే కుక్కర్‌లో మునిగేన్ని నీళ్లు పోసి రెండు విజిళ్లు రానివ్వండి. చల్లారాక తొక్క దానంతటదే వస్తుంది. అరకిలో దుంపలకు 40 గ్రాముల చింతపండు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిర్చి, చిన్న ముక్క బెల్లం, తాలింపులో పావు చెంచా మెంతులు. చింతపండు పులుసు బాగా మరిగాక దుంపలు వేసి, చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి, సన్నసెగ మీద పావుగంట ఉంచండి. ఉడకని దుంపను నేరుగా పులుసులో వేస్తే పులుపుకు బిగుసుకుపోయి గంటకైనా ఉడకదు.

వేపుడు జిగురుగా ముద్దైపోతోందని చాలామంది అంటారు. కారణాలు మూడు: దుంప మరీ మెత్తగా ఉడకడం, వేడి మీదే ముక్కలు కోయడం, మూత పెట్టి వేయించడం. వేపుడుకు కుక్కర్ వద్దు. మామూలు గిన్నెలో 12 నుంచి 15 నిమిషాలు ఉడికించి, కత్తి దిగుతూ చివర్లో కాస్త అడ్డుపడినప్పుడు దించండి. చెక్కు తీసి గంటసేపు ఆరనిచ్చి, అరంగుళం ముక్కలు కోసి, రెండు చెంచాల బియ్యప్పిండి చల్లి, వెడల్పాటి మూకుడులో పలచగా పరిచి వేయించాలి. ఉప్పు, కారం దించే ముందే. ముందే ఉప్పు పడితే ముక్క నీరు వదిలి జిగురు పట్టేస్తుంది.

కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు, రెండేళ్ల లోపు పిల్లలు చేమాకు జోలికి పోకపోవడం మంచిది. దుంపలో ఆక్సలేట్ ఆకులో కన్నా తక్కువ, అయినా రాళ్లున్నవాళ్లు వైద్యుణ్ని అడిగే తినాలి. మిగతావాళ్లు ఆకుకూర తిన్నపూట పెరుగన్నం కూడా తింటే, పెరుగులోని కాల్షియం మిగిలిన ఆక్సలేట్‌ను కడుపులోనే పట్టుకుని రక్తంలో కలవనివ్వకుండా బయటికి పంపుతుంది.